ఋషికుల్య ఒడ్డున మన చరిత్ర

చరిత్ర అంటే ఢిల్లీ, ఆగ్రా, హంపి అనే నేను అనుకునేవాడిని. పుస్తకంలో ఫొటోలు ఉన్న ఊళ్ళకే చరిత్ర ఉంటుందని, మన గోసాని నువాగాం వాళ్ళకి అది పరీక్షలో రాయడానికి తప్ప అక్కరలేదని నా నమ్మకం. అశోకుడి పాఠం చెప్పిన రోజు మా సాంఘిక శాస్త్రం మాస్టారు, "ధౌలి శాసనం ఫొటో చూశారు కదా, అలాంటిదే ఇంకొకటి మన గంజాం జిల్లాలో ఉంది. బరంపురానికి సుమారు 35 కిలోమీటర్లు. ఎవరు చూశారు?" అని అడిగారు. తరగతిలో ఒక్క చెయ్యి కూడా లేవలేదు. గోపాలపూర్ బీచ్ ఎవరు చూశారంటే మాత్రం అందరి చేతులూ లేచాయి.

ఆ ఊరి పేరు జౌగడ. అది ఋషికుల్య నది ఒడ్డున ఉంది. ఋషికుల్య అంటే నాకు అప్పటివరకు గంజాం దగ్గర రైలు వంతెన కింద కనిపించే ఇసుక మాత్రమే. మా వీధి కుళాయికి వచ్చే నీళ్ళు కూడా ఆ నది పుణ్యమేనని మాస్టారు చెబితే ఆశ్చర్యపోయాను. బరంపురం పట్టణం తాగే నీటికి ఋషికుల్యే ముఖ్యమైన ఆధారం. ఎండాకాలంలో కుళాయి రాకపోతే మా అమ్మ కుళాయిని తిడుతుంది, ఏటిని ఎవరూ తలచుకోరు.

ఈ నది కంధమాల్ జిల్లాలో దారింగబాడి వైపు కొండల్లో పుడుతుంది. సుమారు 165 కిలోమీటర్లు ప్రవహించి, ఆస్కా దగ్గర బడనదిని కలుపుకొని, పురుషోత్తంపూర్ మీదుగా వచ్చి, గంజాం పట్టణం దగ్గర సముద్రంలో కలుస్తుంది. గోదావరితో పోలిస్తే చిన్నదే. 'కుల్య' అంటే సంస్కృతంలో కాలువ అని మా తెలుగు మాస్టారు చెప్పారు. ఋషుల కాలువ. కానీ 19వ శతాబ్దంలో ఈ జిల్లాకి వరసగా కరువులు వచ్చాయి. 1866 కరువు, మళ్ళీ 1889 కరువు. ఆ తర్వాతే జానివిల్లి ఆనకట్ట, సురడా చెరువు, రస్సెల్‌కొండ చెరువు కలిపి ఋషికుల్య సాగునీటి పథకం పూర్తయింది. రస్సెల్‌కొండ అంటే ఇప్పటి భంజనగర్. దొర పేరు తీసేసి ఒడియా కవి ఉపేంద్ర భంజ పేరు పెట్టారు. అప్పుడు మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం ఇటు వచ్చింది.

జౌగడ చూడాలన్న నా కోరిక చైత్ర మంగళవారం నాడు తీరింది. మా పిన్ని కొడుక్కి పుట్టు వెంట్రుకలు తీయించడానికి తారాతారిణి కొండకి వెళ్ళాం. ఒడియా వాళ్ళు, తెలుగు వాళ్ళు అనే తేడా లేకుండా గంజాంలో చాలా కుటుంబాలు పిల్లల మొదటి జుట్టు అక్కడే ఇస్తాయి. చైత్రంలో ప్రతి మంగళవారం పెద్ద యాత్ర. 999 మెట్లు. రోప్‌వే కూడా ఉంది, కానీ మా అమ్మమ్మ మెట్లే ఎక్కుతానని పట్టు పట్టింది, మూడుసార్లు కూర్చుని మొత్తానికి ఎక్కేసింది. పైనుంచి చూస్తే ఋషికుల్య వంపు తిరిగి కనబడుతుంది. అంత అందం నేను అనుకోలేదు. దర్శనం అయ్యాక మావయ్యని బతిమాలాను. "ఇంత దూరం వచ్చాం, జౌగడ ఇక్కడికి దగ్గరే మావయ్యా" అన్నాను. "రాయి సూడ్డానికి ఆయిలు కాల్చాలా?" అని విసుక్కున్నాడు కానీ ఆటో తిప్పాడు.

జౌగడలో ముందు కనిపించేది రాయి కాదు, మట్టి. ఒకప్పటి కోట గోడ ఇప్పుడు పొడుగాటి మట్టి దిబ్బలాగా ఉంది. సుమారు చదరంగా ఉన్న కోట అది. పురావస్తు శాఖ తరఫున దేబలా మిత్ర గారు 1956-57లో ఇక్కడ తవ్వకాలు చేయించారు. ఆ రోజుల్లోనే ఒక మహిళ ఆ పని చేశారని తెలిసి మా తరగతి అమ్మాయిలు చాలా సంతోషించారు. 'జౌ' అంటే ఒడియాలో లక్క, 'గడ' అంటే కోట. లక్కతో కట్టిన కోట కాబట్టి శత్రువులు ఎక్కలేక జారిపోయేవారని, చివరికి ఎవరో గుట్టు చెప్పేస్తే నిప్పు పెట్టి కరిగించారని ఇక్కడివాళ్ళ కథ. కొందరు మహాభారతంలో లక్క ఇల్లు ఇదే అంటారు. మట్టిగోడని చూస్తే లక్క అనిపించలేదు కానీ కథ బాగుంది.

కోట లోపల బండ ఉంది. దాని మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో అక్షరాలు. మూడు భాగాలుగా చెక్కారు. మొదటి భాగంలో చాలా వరకు పెచ్చులూడి పోయింది. 2,200 ఏళ్ళ పైమాట. ఇంగ్లీషువాళ్ళలో సర్ వాల్టర్ ఇలియట్ 1850లో దీన్ని నకలు తీయించాడు. ఈయన అప్పుడు ఉత్తర సర్కారుల కమిషనర్. అమరావతి శిల్పాలని మద్రాసుకి తరలించిన ఇలియట్ కూడా ఈయనే. ఆ లిపిని అంతకుముందే, 1837లో, జేమ్స్ ప్రిన్సెప్ చదివాడు కాబట్టి ఇలియట్ నకలు మీద ఏముందో తెలిసింది.

నేను నోట్‌బుక్కులో శాసనాల సారాంశం రాసుకుని వెళ్ళాను. నీడలో కూర్చున్న అమ్మమ్మ, "ఏటి రాసుంది నాయనా దాని మీద? సదివి ఇనిపించు" అంది. బ్రాహ్మీ నాకు రాదు కదా, నోట్‌బుక్కు చూసి చెప్పాను. మనుషులకీ పశువులకీ వైద్యం చేయించానని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించానని రాజు అంటున్నాడు. ఇక్కడ 'సమాపా' అనే పట్టణం ఉండేది. ఆ పట్టణం అధికారులకి ప్రత్యేకంగా చెప్పిన మాటలు మూడో భాగంలో ఉన్నాయి. ప్రజలంతా తనకు బిడ్డల్లాంటివాళ్ళని, కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టకూడదని, హింసించకూడదని, కోపం, అసూయ, తొందరపాటు, బద్ధకం ఉన్నవాడు న్యాయం చెయ్యలేడని వాళ్ళకి చెబుతున్నాడు. సరిహద్దుల అవతల ఉన్నవాళ్ళు తనకి భయపడకూడదని కూడా ఉంది. ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. ఈ మాటల్ని తిష్య నక్షత్రం వచ్చే రోజుల్లో జనానికి చదివి వినిపించాలట. మధ్యలో కూడా, వినేవాడు ఒక్కడే ఉన్నా వినిపించవచ్చట. అంటే ఇది చూసి ఫొటో తీసుకోవడానికి చెక్కినది కాదు, చెవితో వినడానికి చెక్కినది. ఆ రోజు మా అమ్మమ్మ ఒక్కర్తే విన్నది. మావయ్య ఆటో దగ్గర ఫోన్ మాట్లాడుతున్నాడు.

అంతా విని అమ్మమ్మ అడిగింది, "బాగుంది. మరి యుద్ధంలో మనోళ్ళని సంపేడు గదా, ఆ సంగతి రాసేడా?"

నేను నోరు తెరిచాను. మాస్టారు చెప్పిన ముఖ్యమైన విషయం అదే, ఆవిడ చదువు లేకుండానే పట్టుకుంది. క్రీ.పూ. 261 ప్రాంతంలో కళింగ యుద్ధం జరిగింది. అందులో లక్షమంది చనిపోయారని, లక్షా యాభై వేలమందిని పట్టుకుపోయారని, అందుకు తాను బాధపడుతున్నానని అశోకుడు 13వ శాసనంలో చెప్పాడు. ఆ శాసనం దేశంలో చాలా చోట్ల ఉంది. కానీ కళింగలో లేదు. ధౌలిలోనూ, జౌగడలోనూ 11, 12, 13 శాసనాలు వదిలేసి, వాటి బదులు ఈ ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. యుద్ధం ఎక్కడ జరిగిందో అక్కడే దాని మాట లేదు. ఎందుకో రకరకాలుగా చెబుతారు. ఓడిపోయినవాళ్ళకి ఆ గాయం మళ్ళీ గుర్తు చెయ్యకూడదనుకున్నాడేమో. లేదా కొత్తగా గెలిచిన చోట రాజు తప్పు ఒప్పుకోవడం ప్రమాదం అనుకున్నాడేమో. నాకు రెండోదే నిజం అనిపిస్తుంది. అమ్మమ్మ మాత్రం, "సెప్పుకోవాల్సింది సెప్పుకోవాల్సినోళ్ళ దగ్గర సెప్పలేదన్నమాట" అని లేచి చీర దులుపుకుంది.

మన తెలుగు వాళ్ళకి ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ 13వ శాసనంలోనే ఆంధ్రుల పేరు వస్తుంది. అది కూడా ఇక్కడ లేనట్టే కదా! అది చూడాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడి వెళ్ళాలి. అక్కడ 14 శాసనాలూ ఉన్నాయి. ఎర్రగుడి పిల్లలు, జౌగడ పిల్లలు ఒకరి ఊరికి ఒకరు వెళ్తే గానీ ఆ పాఠం పూర్తి కాదని నాకు అనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు ఏటి ఒడ్డున ఆగి పులిహోర తిన్నాం. ఇక్కడ నేను ఒక నిజం రాయాలి. తిన్నాక ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు ఒక కవర్లో పెట్టి మూట కట్టింది నేనే. చుట్టూ చూశాను, డబ్బా ఏదీ లేదు. అందరూ పడేసిన చోటే నేనూ పడేశాను. అశోకుడు బావులు తవ్వించాడని గంట క్రితమే చదివి వినిపించిన నోరు నాది. ఆ నీళ్ళు కొన్నాళ్ళకి మా వీధి కుళాయిలోకి వస్తాయన్న ఆలోచన బరంపురం పొలిమేర దాటాక వచ్చింది. మావయ్యకి చెబితే, "ఇప్పుడు ఎనక్కి తిప్పమంటావా ఏటి?" అన్నాడు. తిప్పలేదు.

ఇసుక సంగతి కూడా అంతే. ఏట్లో ట్రాక్టర్లు దిగి ఇసుక ఎత్తడం దారి పొడవునా చూశాం. తప్పు అని రాయడం సులువే. కానీ మా మేడ మీద గది కట్టినప్పుడు వచ్చిన ఇసుక ఎక్కడిది? ఇసుక పొర దూదిలాగా నీటిని పట్టి ఉంచుతుంది. అది పోతే ఎండాకాలంలో ఏట్లో ఊట ఉండదు, ఒడ్డున బావులు కూడా ఎండుతాయి. ఈ ముక్క మా మాస్టారు బల్ల మీద రెండు గ్లాసులు పెట్టి, ఒకదానిలో ఇసుక పోసి చూపించారు. ఇసుకలో పోసిన నీళ్ళు మెల్లగా దిగాయి, ఖాళీ గ్లాసులో నీళ్ళు వంచగానే పోయాయి.

నది చివర గంజాం పట్టణం. మన జిల్లా పేరు ఆ ఊరిదే. 1766లో ఉత్తర సర్కారులు నిజాం నుంచి ఇంగ్లీషు కంపెనీకి వచ్చాయని పాఠంలో చదివాం. ఆ సర్కారులకి ఉత్తరం కొస గంజామే. ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే మొదటి రెసిడెంటు 1768లో అక్కడ నక్షత్రం ఆకారంలో కోట కట్టించాడు. దాన్ని పోటాగడ అంటారు. తర్వాత 1815 ప్రాంతంలో విషజ్వరాలు వచ్చి చాలామంది చనిపోవడంతో దొరలు ఊరు వదిలేశారు, కచేరీలు బరంపురం, ఛత్రపురం వైపు వచ్చేశాయి. ఒక జ్వరం రాకపోతే మన బరంపురం ఇంత పెద్దది అయ్యేది కాదేమో. అక్కడికి దగ్గర్లోనే పాలూరు. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టోలెమీ చెప్పిన 'పలౌరా' రేవు ఇదేనని చరిత్రకారులు అంటారు. సువర్ణభూమికి ఓడలు బయలుదేరిన రేవు అది. పల్లు, ఊరు కలిసి పలౌరా అయిందని, బౌద్ధ గ్రంథాల్లో ఉన్న దంతపురం అదేనని ఫ్రెంచి పండితుడు సిల్వాన్ లెవీ ఊహించాడు. శ్రీకాకుళం వాళ్ళు మాత్రం దంతపురం తమదే అంటారు, ఆమదాలవలస దగ్గర కోట చూపిస్తారు. ఎవరిది గెలిచినా పల్లు మాత్రం మనదే.

ఇక పొదంపేట. ఇది మా అమ్మమ్మ పుట్టిన ఊరు, ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర. పేరులోనే 'పేట' ఉంది చూడండి. ఈ తీరంలో వేట చేసే చాలామంది ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. ఒడియావాళ్ళు వీళ్ళని నోలియాలు అంటారు. 1994లో శాస్త్రవేత్తలు ఇక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా గుడ్లు పెట్టడం గుర్తించి ప్రపంచానికి చెప్పారు. "మీరు ఎప్పుడు కనిపెట్టేరో గానీ మాకు మా తాతల నాటినుంచి తెలుసు" అని అమ్మమ్మ అంటుంది. 2023లో సుమారు 6 లక్షల 37 వేల తాబేళ్ళు వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో అంతకన్నా ఎక్కువ, 6 లక్షల 90 వేలు దాటాయి. బరంపురం జనాభా కన్నా ఎక్కువ తల్లులు కొద్ది రోజుల్లో ఆ ఒక్క ఇసుక మీదకి వచ్చారన్నమాట. ఒక్కొక్కటి సుమారు నూరు గుడ్లు పెడుతుంది. 45, 50 రోజులకి పిల్లలు బయటికి వస్తాయి.

ఏప్రిల్‌లో ఒక రాత్రి నేను అక్కడ ఉన్నాను. ఊళ్ళో వీధి దీపాలు ఆర్పేశారు. తాబేలు పిల్లలు వెలుగు ఎటు ఉంటే అటు పోతాయి. సముద్రం మీద మెరుపే వాటికి దారి. ఊరివైపు లైటు ఉంటే ఊరివైపు పాకి, పొద్దున్నకి కుక్కల పాలో, కాకుల పాలో అవుతాయి. ఊరి కుర్రాళ్ళు బుట్టల్లో ఏరి నీళ్ళ దగ్గర వదిలారు. నా అరచేతిలో ఒకటి కాసేపు కాళ్ళు ఆడించింది. అగ్గిపెట్టంత కూడా లేదు. అదే సమయంలో కారు వేసుకుని వచ్చిన కొందరు ఫోన్ లైట్లు వేసి వీడియోలు తీయబోతే ఒక ముసలాయన గట్టిగా కేకలేశాడు. వాళ్ళు "మేము టూరిస్టులం" అన్నారు. "అయితే ఏటి? అవి బాలింత కూనలు" అన్నాడాయన. మనవాళ్ళకి శ్రీకూర్మం గుడి ఉంది కదా, తాబేలు దేవుడే. పర్యాటకం అంటే జనం రావడం ఒక్కటే కాదని నాకు ఆ కేక విన్నాక అర్థమైంది.

అదే ఊరికి ఇంకో వైపు కూడా ఉంది. అమ్మమ్మ పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. సముద్రం కోసుకుంటూ వచ్చి పాత పొదంపేటలో ఇళ్ళు మింగేసింది. నాకు చూపించమంటే ఆవిడ అలల వైపు వేలు చూపించింది. "అదిగో, ఆ నురగ ఉన్న కాడ మా వాకిలి." నది మొగ చోటు మార్చుకోవడం ఒక కారణం అంటారు. నది తెచ్చే ఇసుకే ఒడ్డుకి ఆధారం అని ఇప్పుడు తెలిసింది కాబట్టి, ఎగువన ట్రాక్టర్లు ఎత్తుకుపోయే ఇసుక గురించి ఆ నురగ చూస్తూ ఆలోచించాను. మళ్ళీ మా మేడ గది గుర్తొచ్చింది. వేటకెళ్ళే మా చిన్న తాత కోపం ఇంకొకటి. నది మొగ దగ్గర 20 కిలోమీటర్ల దాకా నవంబరు 1 నుంచి మే 31 వరకు ఇంజను పడవలకి, ట్రాలర్లకి నిషేధం. "తాబేలు బతకాలి, మేము కాదనం. ఏడు నెలలు మేము ఏటి తిని బతకాలి?" అంటాడు. ప్రభుత్వం కొంత సాయం ఇస్తుంది, కానీ అది ఆయనకి సరిపోయినట్టు లేదు.

అందుకే నాకు తోచింది రాస్తున్నాను. పెద్ద హోటళ్ళు, పెద్ద బోటులు ముందు వద్దు. జౌగడ, తారాతారిణి, పోటాగడ, పొదంపేట ఒకే నది మీద ఉన్నాయి, ఒక్క రోజులో బస్సులో చూడవచ్చు. ఆ బస్సు నడిపేది, చూపించేది, భోజనం పెట్టేది ఆ ఊళ్ళవాళ్ళే అయితే ఏడు నెలల ఖాళీలో మా చిన్న తాతకి కూడా పని దొరుకుతుంది. తాబేళ్ళ ఒడ్డుకి రాత్రి ఇంతమందే వెళ్ళాలని లెక్క ఉండాలి, ఫోన్లు ఊళ్ళో పెట్టి వెళ్ళాలి. కేకలేసిన ఆ ముసలాయనకి టోపీ, జీతం ఇచ్చి అక్కడే నిలబెడితే ఇంకా మంచిది! చైత్ర మంగళవారాలకి ముందే ఏటి ఒడ్డున డబ్బాలు పెట్టాలి, యాత్ర అయ్యాక కాదు. జౌగడలో శాసనం సారాంశం ఒడియాలోనూ, తెలుగులోనూ చదివి వినిపించే మనిషి ఉండాలి. రాజు ఆజ్ఞ కూడా అదే కదా.

ప్రభుత్వం ఇవన్నీ ఎప్పుడు చేస్తుందో గానీ, మా తరగతి వాళ్ళం ఒక పని చేశాం. ఏటా డిసెంబరులో బడి నుంచి గోపాలపూర్ పిక్నిక్‌కి వెళ్తాం. ఈసారి జౌగడ వెళ్దామని 31 మందిమి సంతకాలు పెట్టి హెడ్మాస్టరు గారికి అర్జీ ఇచ్చాం. ఇద్దరు పెట్టలేదు, వాళ్ళకి సముద్రమే కావాలట. ప్లేట్లు ఇంటినుంచి స్టీలువి తెచ్చుకుంటామని, చెత్త మోసుకొచ్చే సంచి నేను పట్టుకుంటానని అర్జీలో రాశాం. సార్ ఇంకా ఏమీ చెప్పలేదు, బస్సు అద్దె కనుక్కుంటున్నారని ప్యూన్ అన్నారు. మా అమ్మమ్మ తనకీ ఒక సీటు ఉంచమంటోంది. ఆ రాయి దగ్గర 13వ శాసనం కూడా నేనే చదవాలట. "రాజు రాయకపోతే నువ్వు రాసుకొచ్చి సదువు, మేము ఇంటాం" అంది. నోట్‌బుక్కులో రాసి పెట్టాను.